గెట్టు తగవులకు టిప్పన్ ఆధారము

జోగిపేట పరిసర గ్రామములలో గెట్టు తగవు వచ్చినంతనే ఇరుపక్షములవారును పహాణీ నకళ్లు చేతబట్టుకొని పంచాయతీ సభ్యుని యొద్దకు వత్తురు. పహాణీ విస్తీర్ణమును చెప్పునే గాని హద్దు ఎచ్చట నున్నదో చెప్పదు. దానిని తెలుపునది టిప్పన్. నిజాం కాలపు సర్వేలో సర్వే నంబరు వారీగా కొలతలు వేసి గీసిన పటము.

33 అడుగుల చదరము ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 200 అడుగుల గెట్టు మూడడుగులు జరిగినచో అర గుంటకు పైగా పోవును. చిన్న రైతునకు ఇది స్వల్పము కాదు.

మండల సర్వేయరుచే కొలిపించునపుడు, తగవుపడిన రాతి నుండి గాక, ఉభయులు అంగీకరించు పాతరాతి నుండియే కొలత ఆరంభింపవలెనని మా మనవి. పొరుగు రైతులకందరకును ముందుగా నోటీసు అందవలెను. అన్నదమ్ముల పంపకములచే ఏర్పడిన బై నంబర్లకు చాలచోట్ల టిప్పన్ లేదు, చిక్కంతయు ఇచ్చటనే. అట్టిచోట మూల నంబరు మొత్తమును ముందు కొలువవలెను. పంచనామాపై ఉభయుల సంతకములు తీసికొనుట మన పని. హక్కు తేల్చుట సివిలు కోర్టు పని.

పంట కోసిన పిమ్మట కొలుచుట సుకరమే. కాని ఏటేటా వాయిదా వేయరాదు. పొరుగువాడు తనదేయని బాహాటముగా 12 సంవత్సరములు అనుభవించినచో, 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి అసలు పట్టాదారు దావా హక్కును కోల్పోవచ్చును.