కంపైలరు చూపు తప్పులు

డేటాబేసునుండి వివరములను కోరు వాక్యమును క్వెరీ యందురు. సీ షార్ప్ భాషలో దానిని కొటేషను గుర్తుల నడుమ వ్రాసినచో కంపైలరు వట్టి అక్షరములుగా నెంచి విడిచిపెట్టును. అందలి తప్పు, ఫలితములు చూడవచ్చిన తలిదండ్రుల యెదుట బయటపడవచ్చును. 2007లో వచ్చిన లింక్ పద్ధతియందు క్వెరీ భాషలోనే భాగము. కావున కంపైలరు దానిని ముందుగానే పరీక్షించును.

అయితే కంపైలరు చూపిన చోటనే లోపముండునని తలపరాదు. క్వెరీ యొద్ద ‘సీఎస్ 1935’ కనబడినచో, క్వెరీ నిర్దోషమై యుండవచ్చును. ఫైలు మొదట ‘యూజింగ్ సిస్టమ్ డాట్ లింక్’ అను పంక్తి కలదో లేదో చూడవలెను. ‘సీఎస్ 0019’ కనబడినచో ఇరువైపుల విలువల టైపులను పరిశీలింపవలెను: సంఖ్యగా నున్న రోల్ నంబరును కొటేషనులలోని "25"తో పోల్చితిమేమో!

తప్పులు ఇరువది కనబడినను బెదరక, మొదటిదానిని పూర్తిగా చదివి, దానినొక్కదానినే దిద్ది, మరల కంపైలు చేయుదము. పెక్కుమారులు తక్కినవి దానితోడనే తొలగును. కంపైలరు ఒప్పినంతమాత్రమున జవాబు సరియైనదని నమ్మరాదు. జవాబు ముందే తెలిసిన చిన్న పట్టికపై క్వెరీని నడిపి సరిచూచుకొనవలెను.