టూ వీల్‌కి మార్చినా ఫోర్ వీల్ వదలడం లేదు

ప్రశ్న: బురద దాటడానికి పికప్‌ను ఫోర్ హైలో వేశాను. తారురోడ్డెక్కి టూ హైకి తిప్పినా లైటు ఆరడం లేదు, మలుపుల్లో బండి పట్టేస్తోంది. గేర్‌బాక్స్ విప్పించాలా?

జవాబు: అప్పుడే వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్ ఇలాంటి బళ్లలో సాధారణంగా ఉండదు. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి షాఫ్టుల్లో మెలి పేరుకుని, ట్రాన్స్‌ఫర్ కేసులో పళ్లు బిగుసుకుంటాయి. స్విచ్ టూ హైలోనే ఉంచి, తిన్నగా పది అడుగులు రివర్స్ చేయండి, మట్టి నేలైతే మరీ మంచిది. చాలాసార్లు ‘టక్’మని వదిలేస్తుంది.

వదలకపోతే టైర్లు చూడండి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేసినా ఇదే గొడవ. ఆ తర్వాత ఫ్యూజు, ట్రాన్స్‌ఫర్ కేసు మోటారు ప్లగ్గు. బురదనీళ్లు దిగితే పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. బండి పట్టేయకుండా లైటు మాత్రమే వెలుగుతుంటే, అనుమానం ఆ లైటును వెలిగించే సెన్సర్ మీదే.