పైపులైను మలుపునకు దిమ్మె ఎంత?

దాచేపల్లి ప్రాంతపు మిరప, ప్రత్తి చేలకు పైపులైను వేయునపుడు మలుపుల సంగతి మరువరాదు. లోని నీటి పీడనము మలుపును వెలుపలికి నెట్టి, అతుకును ఊడదీయును.

లెక్క సులభము. 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టపు వైశాల్యము సుమారు 95 చదరపు సెంటీమీటర్లు. పీడనము చదరపు సెంటీమీటరుకు 4 కిలోలైన, రెంటిని హెచ్చవేయగా 380. లంబకోణపు మలుపునకు దీనిని 1.41తో హెచ్చవేయవలెను: 536 కిలోల తోపుడు! సెకనుకు 10 లీటర్లు పారినను, ఆ వేగము వలన చేరునది 2 కిలోల లోపే. కనుక వాల్వు మూసి నీరు నిలిచినను, పీడనమున్నంత వరకు తోపుడుండును.

తడిసిన నల్లరేగడి మెత్తబడును. అది చదరపు సెంటీమీటరుకు అరకిలో భరించునని ఎంచిన, 1,072 చదరపు సెంటీమీటర్ల ఆనిక కావలెను. మోటారు హఠాత్తుగా ఆగిన పీడనము ఇంకను పెరుగవచ్చును. కావున మలుపు వెలుపలి వైపున, త్రవ్వని గట్టినేలకు ఆనించి, నిలువు అడ్డము 40 సెంటీమీటర్లుండునట్లు కాంక్రీటు దిమ్మె పోయుడు. వారము దినములు తడిపి, గట్టిపడిన పిదపనే మోటారు వేయుడు.