పొట్టి రెక్కల పెంకుపురుగులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా పశువుల సాలలో గత్తం తిరగేస్తుంటే బియ్యపు గింజ కన్నా చిన్న నల్ల పురుగులు పరుగులు తీస్తున్నాయి. వీపు సగం వరకే రెక్కలు. ముట్టుకుంటే తేలులా తోక ఎత్తుతున్నాయి. కుడతాయా?
(ఒక పాఠకురాలు, ఆమదాలవలస)

జవాబు: కుట్టవు, కొండి లేదు. ఇవి స్టాఫిలినిడే కుటుంబం పెంకుపురుగులు. ఇంగ్లీషు పుస్తకాల్లో రోవ్ బీటిల్స్ అని ఉంటుంది. ప్రపంచం మొత్తమ్మీద 60 వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. పైకి కనిపించే ఆ పొట్టి ముక్కలు గట్టిపడిన ముందు రెక్కలు. ఎగరడానికి పనికొచ్చే అసలు రెక్కలు పొడుగైనవే, వాటిని మడతల మీద మడత పెట్టి కింద దాచుకుంటాయి. ఎగిరొచ్చి వాలిన పురుగును కదలకుండా చూడండి. పొట్ట కొసను పైకి వంచి, రెక్కల్ని కొంచెం కొంచెంగా లోపలికి నెట్టుకుంటుంది. మీరు చూసిన తోక ఎత్తుడు బెదిరింపు. గత్తంలో ఈగ పిల్లల్ని తినేవి వీటిలో చాలా ఉన్నాయి కాబట్టి ఉండనివ్వండి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ. ఈ పురుగుల్ని కాలేజీ మైక్రోస్కోప్ కింద పెడితే నల్లటి నీడే కనిపిస్తోంది. ఫోల్డ్‌స్కోప్‌తోనూ అంతే. ఫోటోలు పంపితే జాతి పేరు చెప్పగలరా?
(ఒక విద్యార్థి, విజయనగరం)

జవాబు: ఫోటో చూసి జాతి పేరు చెప్పేవాళ్ళను నేను పెద్దగా నమ్మను. ఎందుకో చెప్పేముందు ఆ నీడ సంగతి చూద్దాం.

మీ కాలేజీలోది కాంపౌండ్ మైక్రోస్కోప్. వెలుతురు కింది నుంచి వస్తుంది, పురుగు దాన్ని అడ్డుకుంటుంది. ఫోల్డ్‌స్కోప్ సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపే కాగితపు మైక్రోస్కోప్, అదీ పలచని స్లైడ్ల కోసమే. నిండు పురుగును చూడాలంటే పైనుంచి వెలుతురు పడే స్టీరియో మైక్రోస్కోప్ కావాలి. 20 నుంచి 40 రెట్లు చాలు. అది దొరికేదాకా కాంపౌండ్‌లోనే అన్నిటికన్నా తక్కువ శక్తి గల కటకం పెట్టి, కింది దీపం ఆర్పేసి, పక్క నుంచి టార్చి వేయండి. నల్లటి పెంకు మీద ఆ టార్చి వెలుగు తళుక్కుమని కళ్ళు చెదరగొడుతుంది, గుంటలూ వెంట్రుకలూ ఏవీ కనపడవు. మధ్యలో ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టి చూడండి. ఖరీదైన పరికరం కన్నా ఈ కాగితం ముక్క ఎక్కువ పని చేస్తుంది.

ఇక చూడాల్సినవి. ముందు మీసాలు ఎక్కణ్ణుంచి మొలిచాయో చూడండి. రెండు కళ్ళ మధ్య నుదుటి మీద మొలిచి, కళ్ళు మరీ ఉబ్బి లేకపోతే అది చాలావరకు ఆలియోకారినే ఉపకుటుంబం. అక్కడ ఆగిపోండి, అందులో జాతుల్ని విడదీయడం పెద్దవాళ్ళకే చెమటలు పట్టించే పని. తలంతా కళ్ళే అన్నట్టు ఉబ్బిన కళ్ళుంటే స్టీనస్. చెరువు గట్టు తడిలో దొరుకుతుంది, కింది పెదవిని చటుక్కున ముందుకు చాచి ఎరను అంటించుకుంటుంది. తర్వాత పాదాల గణుపులు లెక్కపెట్టండి. చాలావాటికి అయిదేసి, పేడలో తిరిగే ఆక్సీటెలస్‌కు మూడేసి. మూడో నాలుగో తేలకపోతే పురుగును పక్కకు దొర్లించి ఇంకో కాలు చూడండి, ఒక్క కాలు చూసి రాసేయొద్దు. అదే పేడలో కాస్త పెద్దగా, నున్నగా మెరిసే ఫిలాంథస్ దొరికితే మెడ వెనక పలక మీద చిన్న గుంటలు రెండు వరసల్లో ఉంటాయి. వరసకు ఎన్ని గుంటలన్నదాన్ని బట్టే ఆ ప్రజాతిని గుంపులుగా విడదీస్తారు.

జాతి తేలేది మాత్రం చాలాసార్లు మగ పురుగు పొట్ట కొసలో దాగున్న జననాంగం ఆకారంతోనే. ఎండిన పురుగును గోరువెచ్చని నీళ్ళలో మెత్తబరిచి, సన్నని సూదులతో దాన్ని బయటకు తీసి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి చూస్తారు. మీ కాంపౌండ్ మైక్రోస్కోప్‌కు నిజమైన పని అప్పుడు పడుతుంది. ఫోటోలో కనపడనిది ఇదే. తీసిన భాగాన్ని పారేయకండి, అదే సూదికి, అదే పురుగు కింద ఉండాలి.

పుస్తకం కావాలంటే మాల్కం కామెరాన్ రాసిన బ్రిటిష్ ఇండియా ప్రాణిజాల సంపుటాలు ఉన్నాయి, 1930 నుంచి 1939 దాకా వచ్చాయి. ఆయన నౌకాదళంలో డాక్టరు. పేర్లు చాలా మారాయి గాని, మన దేశపు పురుగులకు అంత విస్తారమైన పట్టికలు ఇంకెక్కడా ఒక్కచోట దొరకవు.

ప్రశ్న: వానలు పడ్డాక రాత్రిపూట లైటు చుట్టూ నారింజ, నలుపు రంగుల సన్న పురుగులు ముసురుతున్నాయి. మా అబ్బాయి మెడ మీద ఎర్రటి గీత లేచి పొక్కులు వచ్చాయి. సర్పి అంటున్నారు.
(ఒక గృహిణి, చీపురుపల్లి)

జవాబు: సర్పో కాదో డాక్టరు చూసి చెప్పాలి, ముందు చూపించండి. మీరు చెప్పిన పురుగు మాత్రం పెడరస్‌లా ఉంది. తల నలుపు, మెడ పలక నారింజ, పొట్టి రెక్కలు నీలిమెరుపు, పొట్ట నారింజ, కొస మళ్ళీ నలుపు. అది కరవదు. ఒంటి మీద పాకుతుంటే మనం నలుపుతాం, అప్పుడు లోపలి పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుతుంది. వెంటనే మంట ఉండదు. మర్నాడో ఆ మర్నాడో పొక్కుతుంది కనుక పురుగును ఎవరూ అనుమానించరు. పాకితే ఊదేయండి. నలిగితే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కన్ను నలుపుకోనివ్వద్దు. పడుకునేముందు దుప్పటి దులపండి, మంచం పైన లైటు ఆర్పండి.

వరి మడిలో ఇదే పురుగు సుడిదోమనూ దీపపు పురుగునూ తింటుంది. ఇంట్లో కనపడిందని పొలానికి మందు కొట్టకండి. మైక్రోస్కోప్ వాళ్ళకు ఇంకో మాట: ఎండిన పెడరస్‌లోనూ విషం పోదు, పట్టకారుతోనే పట్టుకోండి.

ప్రశ్న: సేకరించిన పురుగుకు కట్టే చీటీ మీద జిల్లా పేరు ఏది రాయాలి?
(ఒక ఉపాధ్యాయుడు, సాలూరు)

జవాబు: సాలూరు వారికే రావాల్సిన అనుమానం. కామెరాన్ రాసేనాటికి మీ ఊరు విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్ళింది, 1979లో విజయనగరంలోకి, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యంలోకి. అందుకే ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు రాయండి, జిల్లా వాటి తర్వాత. తేదీ, పేడలో దొరికిందా, రాలిన జీడిమామిడి పండు కిందా, ఏటి ఇసుకలోనా అన్నదీ, సేకరించిన వారి పేరూ ఉండాలి. పెన్సిలుతో రాయండి, స్పిరిట్ తగిలినా చెరగదు. గుర్తించిన పేరుకు వేరే చీటీ పెట్టండి, రేపు ఎవరైనా దిద్దితే మొదటి చీటీని కదపక్కర్లేదు. రిజర్వు అడవిలో ఏరాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. విదేశీ నిపుణుడికి పార్సిలు కట్టేముందు 2002 జీవవైవిధ్య చట్టం ఏమంటుందో కనుక్కోండి.