తీరప్రాంత రోవ్ బీటిల్: కొత్త జాతిని ఎలా నిర్ధారిస్తారు?

కృష్ణా డెల్టాలో వరి దుబ్బుల మొదళ్లు విడదీసి చూస్తే నారింజ, నలుపు రంగుల సన్నని పురుగు ఒకటి చురుగ్గా పరిగెడుతూ కనిపిస్తుంది. సుడిదోమను తినే ఈ మిత్రపురుగు పేరు పెడరస్ ఫ్యూసిపెస్. ఇది రోవ్ బీటిల్స్ కుటుంబానికి చెందినది. కంకిపాడు రైతు పొలంలో రోజూ చూసే ఈ కుటుంబంలోనే సముద్రపు ఒడ్డున, ఉప్పునేలల్లో బతికే జాతులూ ఉన్నాయి. అలాంటి తీరంలో దొరికిన ఒక పురుగు శాస్త్రానికి కొత్తదని ఎలా తేలుస్తారు? గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్ అభ్యర్థులు జీవవైవిధ్యం, వర్గీకరణ శాస్త్రం, పర్యావరణ చట్టాలను కలిపి చదువుకోవడానికి అనువైన అంశం ఇది.

రోవ్ బీటిల్ అంటే?

వర్గం ఆర్థ్రోపొడా, విభాగం ఇన్‌సెక్టా, క్రమం కోలియోప్టెరా, కుటుంబం స్టాఫిలినిడే. ఇప్పటివరకు వర్ణించిన జాతులు 60 వేలకు పైమాటే. జీవజాతుల సంఖ్యలో అతిపెద్ద కుటుంబాల్లో ఇదొకటి.

సాధారణ పెంకు పురుగుల్లో గట్టి ముందు రెక్కలు పొట్టను పూర్తిగా కప్పుతాయి. రోవ్ బీటిల్స్‌లో ఇవి పొట్టిగా ఉంటాయి కాబట్టి పొట్ట ఖండితాలు బయటికి కనిపిస్తాయి. ఈ గట్టి ముందు రెక్కలనే ఎలిట్రా అంటారు. ఎగరడానికి వాడే పలుచని వెనుక రెక్కలు ఆ పొట్టి ఎలిట్రా కిందే మడతలుగా ఇమిడి ఉంటాయి. బెదిరినప్పుడు చాలా జాతులు తోకభాగాన్ని పైకెత్తుతాయి, కానీ వీటికి కొండి లేదు.

తీరంలో ఎక్కడ ఉంటాయి?

* కేఫియస్ ప్రజాతి: ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్లే సముద్రపు నాచు కింద ఉంటుంది. అక్కడి ఈగల లార్వాలను వేటాడుతుంది.
* బ్లెడియస్ ప్రజాతి: తడి ఇసుకలో, బురదలో బొరియలు తవ్వి, నాచు జీవులను తింటుంది. యూరప్ ఉప్పునేలల్లో ఉండే బ్లెడియస్ స్పెక్టాబిలిస్ బొరియ మెడ సన్నగా ఉన్న సీసాలా ఉంటుంది. అందువల్ల పోటు నీరు లోపలికి చేరదు. తల్లి పురుగు గుడ్లకు కాపలా ఉంటుంది.

ఈ జాతులు పోటు, పాటు రేఖల మధ్య ఇరుకైన పట్టీకే పరిమితం. తీరం కోతకు గురైనా, ఒడ్డున నాచును పూర్తిగా ఊడ్చేసినా వాటి ఆవాసం పోతుంది.

సేకరణ నుంచి ప్రచురణ దాకా

1. సేకరణ: నాచును సముద్రపు నీళ్ల బకెట్లో ముంచితే పురుగులు పైకి తేలతాయి. బొరియలున్న చోట ఇసుకపై నీళ్లు పోస్తే బయటికి వస్తాయి. శరీర నిర్మాణ పరిశీలనకు 70 శాతం, డీఎన్‌ఏ పరీక్షకు 95 శాతానికి పైబడిన ఇథనాల్‌లో భద్రపరుస్తారు.

2. లేబుల్: ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఆవాసం, సేకరించినవారి పేరు తప్పనిసరిగా రాస్తారు. లేబుల్ లేని నమూనాకు శాస్త్రపరంగా విలువ దాదాపు ఉండదు.

3. పరిశీలన: పైకి ఒకేలా కనిపించే జాతులు ఈ కుటుంబంలో చాలా ఎక్కువ. అందుకే మగ పురుగు జననాంగం ఈడియాగస్ కీలకం. ఎండిన నమూనాను గోరువెచ్చని నీటిలో మెత్తబరుస్తారు. మైక్రోస్కోప్ కింద కొన వంచిన సన్నని సూదితో ఆ భాగాన్ని బయటికి లాగి, కండరాలు తొలగించి, గ్లిజరిన్‌లో ఉంచి ప్రతి కోణంలో బొమ్మ గీస్తారు. ఒక మిల్లీమీటరైనా లేని ఆ భాగం కొన వంపులోనే చాలాసార్లు రెండు జాతుల తేడా తెలుస్తుంది.

4. పోలిక: భారత రోవ్ బీటిల్స్‌కు మూల గ్రంథం మాల్కమ్ కామెరాన్ రాసిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటాలు. ఇవి 1930-39 మధ్య వెలువడ్డాయి. వీటితో, తర్వాతి పత్రాలతో, మ్యూజియంలలోని మూల నమూనాలతో పోల్చాలి. దీనికి తోడు సీఓఐ జన్యువులోని సుమారు 650 బేస్ జతల భాగాన్ని డీఎన్‌ఏ బార్‌కోడ్‌గా చూస్తారు.

5. వర్ణన: దగ్గరి జాతుల నుంచి వేరుచేసే లక్షణాలు (డయాగ్నోసిస్), పూర్తి వర్ణన, కొలతలు, చిత్రాలు, గుర్తింపు కీ కలిపి ప్రచురిస్తారు.

నామకరణ నియమాలు

* జంతువుల పేర్లకు అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి వర్తిస్తుంది. ప్రస్తుత నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.
* ప్రారంభ తేదీగా తీసుకునేది 1758 జనవరి 1. లిన్నేయస్ సిస్టమా నేచురే పదో కూర్పు ఆ ఏడాదిదే.
* హోలోటైప్: కొత్త పేరుకు ఆధారంగా రచయిత నిర్ణయించిన ఒకే ఒక నమూనా. పారాటైప్‌లు: దానితోపాటు పరిశీలించి పేర్కొన్న మిగతా నమూనాలు.
* టైప్ లోకాలిటీ: హోలోటైప్ దొరికిన చోటు.
* ఎలక్ట్రానిక్ ప్రచురణ చెల్లాలంటే జంతు నామాల రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు అవసరం. ఈ సవరణ 2012లో వచ్చింది.

రెండు ఉదాహరణలు

డార్వినిలస్ సెడారిసి: ఈ రోవ్ బీటిల్‌ను చార్లెస్ డార్విన్ 1832లో అర్జెంటీనా తీరంలోని బహియా బ్లాంకా వద్ద సేకరించాడు. 2014 ఫిబ్రవరి 12న, డార్విన్ పుట్టినరోజున, స్టైలియానోస్ చాట్జిమనోలిస్ దాన్ని కొత్త ప్రజాతి, కొత్త జాతిగా ప్రకటించాడు. సేకరణకు, వర్ణనకు మధ్య 180 ఏళ్లకు పైగా గడిచాయి. అన్నేళ్ల తర్వాత కూడా వర్ణన సాధ్యమైందంటే నమూనా మ్యూజియంలో భద్రంగా ఉండటమే కారణం.

గుత్తి సాలీడు: మన రాష్ట్రంలోనిదే మరో పాఠం. ఈ సాలీడును పొసిలోథీరియా మెటాలికా పేరుతో 1899లో పోకాక్ వర్ణించాడు. టైప్ లోకాలిటీ గుత్తి. అయితే 2001లో అది మళ్లీ కనిపించింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. మొదటి నమూనా కలపతోపాటు రైల్లో గుత్తి చేరి ఉంటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. టైప్ లోకాలిటీ ఒక్కటే చూసి ఆవాసాన్ని నిర్ణయించకూడదని ఇది చెబుతుంది.

చట్టం, సంస్థలు

* జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా: 1916 జూలై 1న ఏర్పడింది. ప్రధాన కార్యాలయం కోల్‌కతా.
* జీవవైవిధ్య చట్టం, 2002, సెక్షన్ 39: కొత్త జాతిని కనుగొన్నవారు నిర్దేశిత సంస్థకు తెలియజేయాలి, నమూనాలను అక్కడ జమచేయాలి.
* జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ: 2003లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం చెన్నై.
* 2024 జూన్ 30న విడుదలైన భారత జంతు జాబితాలో 1,04,561 జాతులు ఉన్నాయి.
* కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లాంటి రక్షిత ప్రాంతాల్లో నమూనాలు సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి.

అపోహ, వాస్తవం

పెడరస్ కుట్టదు, కరవదు. చర్మంపై నలిపినప్పుడు వెలువడే పెడరిన్ అనే రసాయనం వల్ల మంట, బొబ్బలు వస్తాయి. 2022 జూలైలో సిక్కింలో విద్యార్థులు పెడరస్ బారిన పడినప్పుడు దానికున్న నైరోబీ ఫ్లై అనే పేరు వార్తల్లో నిలిచింది. పేరులో ఫ్లై ఉన్నా అది ఈగ కాదు, పెంకు పురుగే. ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేసి, ఆ చోటును సబ్బుతో కడుక్కోవాలి.

మాదిరి ప్రశ్నలు

1. స్టాఫిలినిడే ఏ క్రమానికి చెందుతుంది? జ: కోలియోప్టెరా
2. కొత్త జాతి పేరుకు ఆధారమైన ఏకైక నమూనా? జ: హోలోటైప్
3. కొత్త జాతి నమూనాల జమకు సంబంధించిన సెక్షన్? జ: జీవవైవిధ్య చట్టం, 2002లోని సెక్షన్ 39
4. గ్రూప్-1 మెయిన్స్: తీరప్రాంత జీవజాతుల పరిరక్షణలో వర్గీకరణ శాస్త్రం పాత్రను ఉదాహరణలతో వివరించండి.

నాలుగో ప్రశ్నకు జవాబులో నిర్వచనాలతో ఆగిపోవద్దు. పేరు లేని జీవిని ఏ జాబితాలోనూ చేర్చలేం, జాబితాలో లేనిదానికి రక్షణ అడగలేం. ఈ వాదనను గుత్తి సాలీడుతో, మన మడ అడవులతో ముడిపెట్టి రాయండి.