తొలి గంటలో ఏం చెప్పాలి? సాధనతోనే వచ్చే విద్య

ప్రెస్‌నోట్ రాయడం, రిపోర్టర్లతో పరిచయాలు పెంచుకోవడం లాంటివి పీఆర్ ఉద్యోగంలో చేరితే రోజూ చేసే పనిలోనే వచ్చేస్తాయి. సంక్షోభంలో మాట్లాడటం అలా రాదు. ఫ్యాక్టరీలో ప్రమాదం, ఆస్పత్రిలో అనుకోని మరణం, ఉత్పత్తిపై నిషేధం ఎప్పుడో ఒకసారి ఎదురవుతాయి. ఎదురైన రోజున నేర్చుకునే తీరిక ఉండదు. అందుకే ఏ గొడవా లేని రోజుల్లోనే, గడియారం ముందు పెట్టుకుని చేతులారా సాధన చేయాలి. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నలుగురు సహోద్యోగులు, ఒక మధ్యాహ్నం చాలు.

జరిగిన కేసును విడదీయండి

1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో టైలెనాల్ మాత్రల్లో ఎవరో సైనైడ్ కలిపారు. ఏడుగురు చనిపోయారు. ఎవరు కలిపారో తేలకపోయినా, ఆ మాత్రల తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ వాటిని వాడొద్దని జనాన్ని హెచ్చరించి, దేశమంతటా సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. మన దేశంలో 2015 జూన్ 5న ఆహార భద్రతా సంస్థ మ్యాగీ నూడుల్స్‌ను మార్కెట్ నుంచి తొలగించాలని ఆదేశించింది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, నవంబరులో మ్యాగీ మళ్లీ దుకాణాలకొచ్చింది. అయితే కంపెనీ ఆలస్యంగా స్పందించిందనీ, జనానికి అర్థంకాని సాంకేతిక భాషలో మాట్లాడిందనీ అప్పట్లో విమర్శలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ప్యాకెట్‌ను పిల్లలకు పెట్టొచ్చా అన్నదే ఆ రోజుల్లో తల్లుల ప్రశ్న.

ఇలాంటి ఒక కేసు తీసుకుని తేదీల వారీగా రాసుకోండి: ఏం జరిగింది, ఎవరు ఏం అడిగారు, కంపెనీ ఏం చెప్పింది. తర్వాత మధ్యలో ఏదో ఒక తేదీ దగ్గర ఆగండి. ఆనాటికి తెలిసిన సమాచారంతో మాత్రమే మీ ప్రకటన రాయండి. చివరకు ఏం తేలిందో తెలిసి రాస్తే అది సాధన కాదు.

ఇరవై నిమిషాల్లో తొలి ప్రకటన

కారణం తేలేవరకూ ఆగకూడదు, కారణాన్ని ఊహించి చెప్పకూడదు. తొలి ప్రకటనలో నాలుగు సంగతులుంటే చాలు: నిర్ధారణ అయినది, ప్రభావితులు ఇప్పుడు చేయాల్సింది, మనం చేస్తున్నది, మళ్లీ ఎప్పుడు చెబుతామన్నది. ఉదాహరణకు:

“తెల్లవారుజామున నాలుగింటికి మా ప్లాంటులో గ్యాస్ లీకైంది. చుట్టుపక్కల కాలనీలవాళ్లు అధికారులు చెప్పిన దారిలోనే బయటికి రండి, ప్లాంటు వైపు రావద్దు. అగ్నిమాపక దళం, మా సిబ్బంది లీకును ఆపే పనిలో ఉన్నారు. కారణం ఇంకా తేలలేదు. ఐదింటికి మళ్లీ వివరాలు చెబుతాం.”

ముందు ఇంగ్లిష్‌లో రాసి, లీగల్ విభాగం చూశాక తెలుగు చేయిస్తే విలువైన సమయం పోతుంది. తెలుగులోనే మొదలుపెట్టండి. రాసింది గేటు దగ్గర సెక్యూరిటీ సిబ్బందికి చదివి వినిపించి, ‘ఇది వింటే మీరేం చేస్తారు?’ అని అడగండి. వాళ్లు తడబడితే మళ్లీ రాయండి.

చీటీలతో డ్రిల్

ఒకరు నిర్వాహకుడు. మిగతావారు ఎండీ, అధికార ప్రతినిధి, లీగల్, సోషల్ మీడియా పాత్రల్లో ఉంటారు. పది నిమిషాలకో చీటీ అందాలి: ‘ఒక చానెల్ మృతుల సంఖ్య తప్పుగా స్క్రోలింగ్ వేస్తోంది’, ‘గేటు బయట కుటుంబసభ్యులు బైఠాయించారు’, ‘వాట్సాప్‌లో పాత వీడియో తిరుగుతోంది’, ‘ఎండీ ఫోన్ ఎత్తడం లేదు’. ప్రతి నిర్ణయం ఎన్నింటికి జరిగిందో ఒకరు రాసుకోవాలి.

తర్వాత అధికార ప్రతినిధిని ఫోన్ కెమెరా ముందు నిలబెట్టండి. ‘తప్పెవరిది?’ అని మూడుసార్లు, మూడు రకాలుగా అడగండి. ‘నో కామెంట్’ అంటే దాస్తున్నారనే జనం అనుకుంటారు. ఎందుకు చెప్పలేకపోతున్నారో, ఎప్పటికి చెప్పగలరో చెప్పడం అలవాటు కావాలి. బాధితుల ప్రస్తావన కంపెనీ గొప్పల కంటే ముందు వచ్చిందో లేదో వీడియోలో చూసుకోండి.

ఒక జాగ్రత్త: కల్పిత కంపెనీ పేరే వాడండి. ప్రతి కాగితం మీదా ‘డ్రిల్ కోసం, విడుదల చేయరాదు’ అని రాయండి. అసలు ఆఫీసు గ్రూపుల్లో ఏదీ పెట్టకండి. సాధన కోసం రాసిన ప్రకటన బయటికి పొక్కితే అదే నిజమైన సంక్షోభమవుతుంది.

ఫ్యాక్టరీ మాక్ డ్రిల్‌లో చేరండి

ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి కేంద్ర నిబంధనల కిందికి వచ్చే పెద్ద ఫ్యాక్టరీలు లోపలి అత్యవసర ప్రణాళికపై ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. బయటి ప్రాంతాలకు సంబంధించిన ప్రణాళికపై అధికార యంత్రాంగం ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ జరపాలి. అక్కడ పీఆర్ మనిషి సాధారణంగా ఫొటోలు తీయించడానికే పరిమితమవుతాడు. సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగి మీరూ కూర్చోండి. వాళ్లు వాల్వులు మూస్తున్నంతసేపూ మీరు ప్రకటన రాయండి, ఫోన్ నంబర్ల జాబితా పనిచేస్తోందో లేదో చూడండి.

2020 మే 7న విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. సైరన్ మోగించలేదని తర్వాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ప్రకటన ఎంత బాగా రాసినా, అది నిద్రపోతున్న మనిషికి ఏ దారిన చేరుతుందో తెలియకపోతే ఉపయోగం లేదు. సైరన్, మైకు, ఎస్ఎంఎస్, స్థానిక ప్రజాప్రతినిధి, వీటిలో ఏది ఎవరి చేతిలో ఉందో డ్రిల్‌లోనే తేల్చుకోవాలి.

అదే రోజు సమీక్ష

డ్రిల్ ముగియగానే పావుగంట కూర్చోండి. ఏ వాక్యం ఎవరి దగ్గర ఆగిపోయింది? ఏ సమాచారం దొరకలేదు? ఆలస్యం చాలాసార్లు రాయడంలో కాదు, అనుమతిలో జరుగుతుంది. తొలి ప్రకటనకు ఎవరు ఆమోదం తెలపాలో, ఆ మనిషి అందుబాటులో లేకపోతే ఎవరో లిఖితపూర్వకంగా పెట్టించుకోండి.

కొన్ని ప్రశ్నలకు మీ దగ్గర సమాధానం దొరకదు. ‘సైరన్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?’ అన్నదానికి జవాబు లేకపోతే, మంచి మాటల కోసం వెతకకండి. అది యాజమాన్యం సరిచేయాల్సిన లోపం. సమీక్ష నోట్‌లో మొదటి అంశంగా రాసి, బాధ్యుడి పేరు, గడువు చేర్చి పంపండి. ప్రమాదం రాకముందే ఆ నోట్ పంపడం పీఆర్ ఉద్యోగి జనానికి చేయగల అసలైన మేలు.