నడుములో వెన్నునాళము ఇరుకగుట

అరువది యేండ్లు దాటిన ఒక రైతు ఇంటినుండి పొలమునకు నడచిపోలేకున్నాడనుకొందము. రెండు మూడు వందల అడుగులు వేయునప్పటికే పిరుదులు, తొడలు, పిక్కలు బరువెక్కి తిమ్మిరి పట్టును. గట్టుమీద కొంతసేపు కూర్చుండినచో బాధ పోవును. లేచి నడచినచో మరల వచ్చును. ఆ రైతే సైకిలెక్కి ఐదు కిలోమీటర్లు సునాయాసముగ పోగలడు. ఇరుగుపొరుగువారు దీనిని ముసలితనమందురు. కొందరు సోమరితనమనియు అందురు. రెండును కావు. ఈ నాలుగు మాటలు శ్రద్ధగ విన్న వైద్యునికి వ్యాధి సగము తెలిసినట్లే.

నడుమునందు ఐదు వెన్నుపూసలు కలవు. వీనిలో గొట్టమువంటి నాళమొకటి ఉన్నది. కాళ్ళకును, మూత్రాశయమునకును పోవు నరములు దీనిగుండ దిగును. వయసు మీరినకొలది పూసల నడుమనుండు మెత్తని బిళ్ళలు అణగి వెనుకకు ఉబ్బును. పూసల కీళ్ళు లావగును. పూసలను కలిపియుంచు పట్టీవంటి కణజాలము దళసరియగును. ఇట్లు అన్నివైపుల స్థలము తరిగి నరములు నొక్కుకొనును. నాల్గవ, ఐదవ పూసల నడుమ ఇది తరచుగ కనబడును. నిటారుగ నిలిచినప్పుడు నాళము మరింత ఇరుకై, ముందునకు వంగినప్పుడు కొంత విప్పారును. సైకిలు రహస్యమిదియే. డచ్చి శస్త్రవైద్యుడు హెంక్ వెర్బీస్ట్ 1954లో ఈ లక్షణములను విశదముగ వర్ణించెను.

వయసొక్కటియే కారణము కాదు. ఫ్లోరైడు అధికముగనున్న నీటిని ఏండ్లతరబడి త్రాగినవారిలో ఎముకలు, కీళ్ళ పట్టీలు గట్టిపడి నాళము ముందుగనే ఇరుకు కావచ్చును. నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి 1937లోనే పరిశోధకులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా గ్రామములు దీనివలన చిరకాలము బాధపడినవి. కావున అట్టి ప్రాంతమువారిని త్రాగునీటిని గూర్చియు అడుగవలెను.

కాళ్ళ రక్తనాళములు మూసుకొనిపోయినను నడచునప్పుడు పిక్కలు నొచ్చును. పొగత్రాగువారిలోను, మధుమేహము గలవారిలోను ఇది అధికము. అట్టివాడు ఊరక నిలిచినను నొప్పి తగ్గును. వెన్నునాళము ఇరుకైనవానికి నిలుచుట చాలదు, కూర్చుండవలెను, లేదా వంగవలెను. మెట్ట ఎక్కుట మొదటివానికి కష్టము, దిగుట రెండవవానికి కష్టము. పాదముపైనను, లోపలి చీలమండ వెనుకను నాడి చూచుటకు ఒక్క నిమిషము చాలును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఎంత రద్దీయున్నను ఆ నిమిషము వదలరానిది. ఒకే మనిషికి రెండు వ్యాధులును ఉండవచ్చును. మధుమేహపు నరాల బాధయైనచో పాదముల మంట రాత్రివేళ హెచ్చును, కూర్చున్నను తగ్గదు. బల్లపై పరీక్షించినప్పుడు కాళ్ళలో ఏ లోపమును కనబడకపోవచ్చును గనుక రోగిని నడిపించి చూడవలెను.

ఎం.ఆర్.ఐ. చిత్రమునకు వెంటనే తొందరపడనక్కరలేదు. ఏ బాధయు లేని వృద్ధులలో సైతము ఆ చిత్రమున ఇరుకు కనబడుచుండును. చిత్రమునకు గాక మనిషికి చికిత్స చేయవలెను.

చాలమందిలో ఈ వ్యాధి ఏండ్లతరబడి ఒకే తీరున నిలిచియుండును. మంచమునకు అంటిపెట్టుకొని యుండుట మేలుచేయదు. కొద్ది కొద్దిగ నడచి మధ్య కూర్చుండుట, చేతికఱ్ఱ పట్టుట, సైకిలు త్రొక్కుట, వెల్లకిల పండుకొని మోకాళ్ళను రొమ్మువైపునకు తెచ్చుకొనుట ఉపకరించును. నొప్పి మాత్రలవలన లాభము పరిమితము. మూత్రపిండములు చెడినవారు, రక్తపోటు, కడుపులో పుండు గలవారు వైద్యుని అడుగక వానిని మ్రింగరాదు. నడుమును పిల్లలచేత త్రొక్కించుకొనుట తెలుగిండ్లలో పాత అలవాటు. నరములు నొక్కుకొన్నచోట అది మానుట మంచిది. నెలల తరబడి ఇవన్నియు చేసినను నాలుగడుగులు వేయలేనివారికి నాళమును వెడల్పు చేయు శస్త్రచికిత్స కలదు. దానివలన కాళ్ళ బాధ తగ్గినంతగ నడుము నొప్పి తగ్గదని ముందుగనే చెప్పవలెను.

జ్వరము, కారణములేక బరువు తగ్గుట, రాత్రి నిద్రపట్టనీయని నొప్పి ఉన్నచో క్షయ, పుట్టకురుపు మొదలగువానిని అనుమానింపవలెను. మూత్రము బిగిసినను, మలమూత్రములు తెలియక పోవుచున్నను, కూర్చుండు చోట స్పర్శ నశించినను, పాదము వ్రేలాడబడినను మరునాటివరకు ఆగరాదు. వెన్ను శస్త్రచికిత్స సౌకర్యముగల ఆసుపత్రికి ఆ రాత్రియే చేర్పవలెను.